మంటకు చాటు

ఫిర్మాన్ కళ్ళు మూసుకుని, ఇంజను లోపలి రేకు కంకణం అంచుమీద అరచేతిని నెమ్మదిగా జరుపుతున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రేకులు సాగగొట్టిన చెయ్యి అది. వెంట్రుకంత ఎత్తుపల్లం కూడా దాన్ని తప్పించుకోలేదు. తూలూజ్ శివారు షెడ్డులో ఆయనకిదే ఆఖరి రోజు. రేపట్నుంచి పింఛను, టమాటా మొక్కలు.

రివెట్లు కొట్టే కుర్రపిల్ల ఒడెట్ నోరు ఊరుకోదు. "పోతూ పోతూ ఆ కొయ్యసుత్తి నాకిచ్చి పోరాదూ, బాబాయ్?"

"సుత్తితోపాటు నా చెయ్యి కూడా నరికి ఇస్తా, ఆగు."

అక్కడి రేకుపనివాళ్ళ పట్టింపు అది. సుత్తి మనిషితోనే ఇంటికి పోతుంది, ఇంకొకరి చేతికి పోదు.

వాళ్ళు కడుతున్న ఇంజనులో గాలిని నొక్కే తిరుగుడు రెక్కలు లేవు. విమానం దూసుకుపోయే వేగానికే గాలి మూతిలోంచి దూరి బిగుసుకోవాలి. అందులో కిరోసిన్ చిమ్మి అంటిస్తే, ఉబ్బిన గాలి వెనకనుంచి తన్నుకుపోతూ విమానాన్ని ముందుకు తోస్తుంది. కదలకపోతే అది ఉత్త గొట్టం. అందుకే అది బిగించిన చిన్న విమానాన్ని పెద్ద విమానం వీపుమీద మోసుకెళ్ళి పైన వదలాలి. రెండుసార్లు వదిలారు. రెండుసార్లూ మంట ఆరిపోయి, పాపం ఆ విమానం చప్పుడు లేకుండా తేలుతూ దిగింది. ఇవాళ కూడా ఆరితే షెడ్డుకు తాళమే.

తప్పు ఫిర్మాన్‌కే తట్టింది. లోపలి కంకణాల అంచుల్ని పనితనం మీది గర్వంకొద్దీ ఆయనే అద్దంలా నునుపు చేశాడు. గాలి వాటిమీద జారి, మంటనూ ఊడ్చుకుపోయింది. పోయిన వారం ఈదురుగాలిలో సిగరెట్టుకు చెయ్యి అడ్డం పెడుతుంటే ఆ సంగతి వెలిగింది. వెంటనే ఇంజనీరు వెర్డియే దగ్గరికి వెళ్ళాడు.

"నా నునుపే కొంప ముంచింది సార్. అంచులు మడవనివ్వండి. మంట నిలబడాలంటే కాస్త చాటుండాలి."

తన పనిని తానే తప్పుపట్టిన మేస్త్రిని వెర్డియే ఎన్నడూ చూడలేదు. లెక్కలు వేసి చూసి, సరేనన్నాడు. నిన్నటికి ఫిర్మాన్ అంచులన్నీ మడిచేశాడు.

మధ్యాహ్నం మైదానంలో అందరూ తలలెత్తి చూస్తున్నారు. పెద్ద విమానం వీపునుంచి చిన్నది విడివడింది. ఏమీ లేదు. అంతలో తోక దగ్గర మంట లేచింది, ఉరుములాంటి మోత నేలదాకా వచ్చింది. మంట ఆరలేదు! చిన్న విమానం పెద్దదాన్ని వెనక వదిలేసి, పైపైకి ఎక్కేసింది.

"ఎక్కింది బాబాయ్! నీ మంటే అది!" ఒడెట్ ఆయన టోపీ లాగి గాల్లోకి ఎగరేసింది. వెర్డియే ఏడుస్తూ ఆ మొరటు చేతులు రెండూ ముద్దుపెట్టుకున్నాడు. జన్మలో అంత సంతోషం ఫిర్మాన్ ఎరగడు.

వైన్ సీసాలు తెరుచుకున్నాయి. ఆ సందట్లో ముసలాయన సైకిలెక్కి ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఒడెట్ తన బల్ల దగ్గరికి వచ్చింది. రివెట్ల డబ్బా పక్కన కొయ్యసుత్తి ఉంది, పిడిమీద ఆయన బొటనవేలు అరగదీసిన గుంటతో.