రేవు మెట్లు

ఐలేశం నడుం లోతు గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి గీకుతున్నాడు. గీకిన మట్టిని గంపలోకి తోసి మళ్ళీ వంగాడు. గట్టు మీద వేపచెట్టు కింద కూలీలు మట్టిని జల్లెడ పడుతున్నారు. అవతల వాగు కృష్ణలో కలిసే చోట నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి.

రెండు వేల ఏళ్ళ కింద ఇక్కడ పడవల రేవు ఉండేదని తవ్వకం చేయిస్తున్న ఉమారాణి నమ్మకం. సముద్రం అవతలి నుంచి వచ్చిన కూజా పెంకు ఒకటి దొరికింది కూడా. పెంకు బండి మీదైనా వచ్చి ఉండొచ్చన్నారు పై అధికారులు. రేవు కనబడాలి. వానలు పడితే డ్యాం వెనకనీళ్ళు ఈ గోతుల్ని ముంచేస్తాయి. పని ఈ వారంతో సరి.

ఐలేశంది మర్రిగూడ. వయసులో ఉండగా చుట్టుపక్కల ఊళ్ళన్నింటా బావులు తవ్వాడు. నీళ్ళు పడిన రోజు డప్పులు కొట్టి అతనికి కల్లు పోసేవాళ్ళు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడే ఎముకల్ని వంచుతుందని అప్పుడెవరికీ తెలియదు. భార్య మల్లమ్మ నడుం వంగిపోయాక తెలిసింది. ఆమె తాగింది అతను తవ్విన బావి నీళ్ళే. మల్లమ్మ ఒక్కనాడూ మాట అనలేదు. అతనే చాలా ఏళ్ళు ఆ బావి వైపు పోలేదు.

ఇక్కడి పని హాయిగా ఉంది. ఈ గోతిలో నీళ్ళు పడాలని ఎవరూ ఎదురుచూడరు. "పొద్దున లేస్తనే పని యాదికొస్తాంది. పానం మంచిగుంటాంది" అని ఇంటికి పోయినప్పుడు మల్లమ్మకు చెప్పాడు.

తాపీకి గట్టిగా ఏదో తగిలింది. అరచేత్తో తుడిచాడు. వెడల్పాటి ఇటుక. పక్కన మరొకటి. జానెడు దిగువన ఇంకో వరస, కాస్త ముందుకు.

"బిడ్డా, జర గిటు రా. మెట్లున్నట్టున్నయి" అని ఉమారాణిని కేకేశాడు.

మధ్యాహ్నానికి నాలుగు మెట్లు తేలాయి, వాగు వైపు దిగుతూ. చివరి మెట్టు కింది మట్టిలో బొగ్గు ముక్కలు కనిపిస్తే ఉమారాణి చెయ్యి తగలకుండా తీసి డబ్బీలో పెట్టింది.

"గీ బొగ్గు పరీక్షకు పోతే ఎన్నేండ్ల కిందిదో తెలుస్తది తాతా. రేవు ఇదే."

"పడవలోల్లు గీడ్నే దిగిండ్రా?"

"గీడ్నే. కాళ్ళు గూడ కడుక్కొని ఉంటరు."

ఐలేశం గారపళ్ళు కనబడేలా నవ్వాడు. "ఇన్నేండ్లు తవ్విన. గిది మంచిగ ఎల్లింది బిడ్డా."

"ఎండకు ఇటుకలు పగుల్తయి. గోనె సంచులు తడిపి తెస్త. నువ్వు జర నీడకు కూసో."

కూలీలు అన్నాలకు పోయారు. ఆమె తడి సంచులతో తిరిగొచ్చేసరికి ఐలేశం గోతి గోడ నీడలో ఒరిగి కూర్చుని ఉన్నాడు. గడ్డం ఎదకు ఆనింది. మట్టి చేతులు ఒడిలో ఉన్నాయి. నిద్రపోయాడనుకుంది.

"తాతా" అని మెల్లగా పిలిచింది. మళ్ళీ పిలిచింది. దిగి భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి ఆడటం లేదు.

తడి సంచులు కింద పెట్టి అతని పక్కనే కూర్చుంది. ఎదురుగా, మెట్ల మీద ఎండ పడే చోట, అతని తలరుమాలు తడిపి పరిచి ఉంది. గాలికి లేవకుండా నాలుగు మూలలా మట్టిబెడ్డలు పెట్టి ఉన్నాయి.