వెయ్యి ఓడల గౌను

మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకి, వీధి మలుపులో కొట్టు ఉన్న దర్జీ ఆ గౌనుకి ఆఖరి కుట్టు వేసి, దారం పంటితో కొరికి, దేవుడికి దణ్ణం పెట్టుకుని కొక్కేనికి తగిలించాడు. గ్రీకు పురాణం సినిమాలో, వెయ్యి ఓడలు ఎవరి కోసం యుద్ధానికి కదిలాయో ఆ అందాల రాణి తొడుక్కోవలసిన గౌను అది. సినిమావాళ్లు కొలతల చీటీ పంపారే గాని, ఆ వేషం ఎవరు వేస్తున్నారో చెప్పలేదు. శుక్రవారం పొద్దున్నకల్లా చీటీలో ఉన్న కొలతకి ఉన్నట్టు అప్పజెప్పాలి. కుదిరితే ఆ సినిమా బట్టలన్నీ అతనే కుడతాడు. లేదంటే మళ్లీ పంట్లాం అంచులు మడుచుకోవడమే.

పేరు చెప్పకపోతే జనం ఊరుకుంటారా? తొమ్మిదిన్నరకి వచ్చిన పోస్టుమాన్, వేషం కొత్తగా వచ్చిన సన్నపాటి హీరోయిన్‌కే ఖాయమనీ, ఆ నడుం ఇంకెవరికుందనీ తేల్చేశాడు. అతను గుమ్మం దిగేసరికి గౌను నడుం సీసా మెడంత అయి కూర్చుంది. పదకొండింటికి లెక్కల మాస్టారు వచ్చి, కాదు, గయ్యాళి అత్త వేషాలు వేసే పెద్దావిడకి ఇచ్చారట, ఏం కాలమో అని వాపోయారు. గౌను రెండు దుప్పట్ల వెడల్పున సాగి నేల ఊడ్చింది.

దర్జీ వాళ్ల కొట్లో గుడ్డ మాట వింటుందని వీధిలో అందరికీ తెలుసు. తాతల నాటి నుంచీ అంతే. అందుకని ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. నోరు మూసుకోనూ లేదు.

రెండు రోజులు విప్పడం, కుట్టడం. బుధవారం కొట్టు తలుపు మూసేస్తే, భోజనాల దగ్గర భార్యే అందుకుంది, ఆ పుల్ల కోసం వెయ్యి ఓడలెందుకు, ఒక్క తెప్ప చాలదా అని. లోపల కొక్కెం కిర్రుమంది.

"అక్కా, నువ్వు ఆ గౌను పక్కన కూచో," అన్నాడు దర్జీ నీరసంగా.

అక్క అంటే గుమ్మటం. చిన్నప్పుడు ఒళ్లు చూసి పెట్టిన పేరు, నలభై ఆరేళ్లొచ్చినా వదల్లేదు. పాతికేళ్లుగా వీధికి వీపు పెట్టి ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడిన మనిషి.

"నాకా సినిమా సంగతే తెలీదురా."

"అందుకే కూచోమంటున్నా."

గురువారమంతా ఇస్త్రీ చేస్తూ కథ మాత్రం చెప్పించుకుంది. రాణిని సముద్రం దాటించి తీసుకుపోయారనీ, ఆవిడ కోసం పదేళ్లు కొట్టుకున్నారనీ చెప్పాడు తమ్ముడు. గుమ్మటం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"వస్తావా అని ఆవిణ్ణి ఎవరైనా అడిగారట్రా?"

దర్జీకి తెలియదు. గౌను మాత్రం ఒకసారి ఒళ్లు విరుచుకుని కుదురుకుంది. ఆ తర్వాత అతను ఎంత బతిమాలినా, చీటీ చదివి వినిపించినా కదల్లేదు.

శుక్రవారం సినిమావాళ్ల బట్టలు చూసుకునే మేడమ్ వచ్చి టేపు పెట్టింది. భుజం కుదరలేదు, నడుం కుదరలేదు. ఇదెవరి కొలతయ్యా అని అడిగితే దర్జీ కొలతల చీటీ కోసం తడుముకున్నాడు. భార్య నిదానంగా చూసి, మా వదినది, అంది.

గుమ్మటాన్ని తొడుక్కు రమ్మన్నారు. తొడుక్కొచ్చి, సిగ్గేసి, అలవాటు కొద్దీ ఇస్త్రీ బల్ల వైపు తిరిగి నిలబడింది. మేడమ్ ఆ వీపునే చాలాసేపు చూసింది.

"ఏ పేరు బయటికొచ్చినా సగం జనం తిడుతున్నారమ్మా. నిన్న డైరెక్టరుగారు విసిగిపోయి, రాణి ముఖమే చూపించను పొమ్మన్నారు. పొద్దుట్నుంచీ ఒక మంచి వీపు కోసం వెతుకుతున్నాం. మిగతా బట్టలు మీ తమ్ముడే కుడతాడు. మీరు వస్తారా?"

గుమ్మటం తిరక్కుండానే, "అడిగారుగా, వస్తాను," అంది.

మర్నాడు ఏడింటికి కారొచ్చి ఆవిణ్ణి తీసుకెళ్లింది. ఇస్త్రీపెట్టె ఎంత వేడెక్కాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. రెండు చొక్కాలు మాడాక, మొగుడూ పెళ్లాలు నలిగిన బట్టలతోనే కొట్టు తెరిచారు. పోస్టుమాన్ వచ్చి, రాణి ఎవరో తెలిసిందా అని అడిగాడు. జవాబు వినకుండానే, ఆ చొక్కా ఏమిటయ్యా అలా ఉంది, అన్నాడు.