ఏడో సందులో పడవ

రేవు మీది రాడార్ గదిలో ఇంజనీరమ్మ చేరి నెల తిరగలేదు. అంతకుముందు పదిహేడేళ్లు ఆ కుర్చీ ఆమె అక్క మొగుడిది. మోకాళ్లు మొరాయించాక బావగారు ఇంటిపట్టునే ఉంటున్నాడు.

పడవల్ని కనిపెట్టాలంటే రాడార్ గాలిలోకి తరంగాలు వదలాలి. గాలిలో చూస్తే ఫోన్లు, వైఫైలు, టాక్సీవాళ్ల సెట్లు. ఇసుక వేస్తే రాలనంత రద్దీ. అందుకని రాడార్ పక్కన వినే పెట్టె ఒకటి పెట్టారు. అది క్షణక్షణం చెవి ఒగ్గి, గాలిలోని పన్నెండు సందుల్లో, అంటే ఛానెళ్లలో, ఏది ఖాళీగా ఉంటే రాడార్‌ను అందులోకి పంపుతుంది.

ఏడో సందులోకి మాత్రం ఒక్కసారీ పంపలేదు. ఇంజనీరమ్మ మీటర్ పెట్టి చూస్తే ఆ సందు నిక్షేపంగా ఖాళీ. పెట్టె మాత్రం నిండిందనే అంటోంది. పెట్టె చెడిపోయిందనుకుని, ఆ మధ్యాహ్నం పొగమంచు కమ్మి పడవలు ఆగిపోయి పనేమీ లేని వేళ, రాడార్‌ను చేత్తో ఏడో సందులోకి మళ్లించింది.

తెర మీద ఒక పడవ చుక్కలా తేలింది. రేవు ముఖద్వారం నుంచి మనిషి నడక వేగంతో పాత మెట్లకేసి వస్తోంది. ఆరో సందుకు మారిస్తే మాయం. మళ్లీ ఏడుకు వస్తే వదిలిన చోటే ఉంది. ఉండి, మళ్లీ కదిలింది. చుక్క మెట్లను ఆనుకున్నాక అక్కడి కాపలాదారుకు ఫోన్ చేసింది.

"ఇక్కడ ఏ పడవా లేదు మేడమ్," అన్నాడతను. "కానీ మెట్లు తడుస్తున్నాయి. ఒక్కొక్కటే, కిందనుంచి పైకి."

ఇంజనీరమ్మ చెయ్యి దానంతటదే వెళ్లి సందు మార్చేసింది. తడి తొమ్మిదో మెట్టు దగ్గర ఆగిపోయిందని కాపలాదారు చెప్పాడు.

సాయంత్రం ఆమె నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. ఏడో సందును ఎవరు మూశారని అడగగానే బావగారు టీవీ కట్టేశాడు. ఎవరూ మూయలేదట. ఆ పెట్టె మనుషుల్ని చూసి నేర్చుకుంటుంది. మొదటి రోజుల్లో అది ఏడులోకి వెళ్లినప్పుడల్లా ఆ పడవను చూసి ఆయన హడలిపోయి వెనక్కి లాగేసేవాడట. లాగగా లాగగా, అది నిండిన సందేనని పెట్టె ఖాయం చేసుకుంది.

"అక్కకు చెప్పారా బావా?"

"చెబితే పిచ్చి పట్టిందంటుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఎందాకా వచ్చిందమ్మాయ్?"

"తొమ్మిదో మెట్టు దాకా."

"నేనున్నన్నాళ్లూ రేవు ముఖద్వారం దాటనివ్వలేదు. మనం చూస్తేనే కదులుతుందది."

మర్నాడే ఇంజనీరమ్మ చేత్తో సందు మార్చే మీటను ఊడబీకించింది. కాపలాదారు వేరే గేటుకు డ్యూటీ వేయించుకున్నాడు. పడవలన్నీ క్షేమంగానే వచ్చిపోతున్నాయి. తొమ్మిదో మెట్టు మాత్రం ఎంత ఎండకూ ఆరదు. ఎక్కేవాళ్లు, ఎందుకో తెలియకుండానే, దాన్ని దాటి అడుగు వేస్తారు.