అక్క గొంతున్న పార్టిషన్

ఆపరేషన్‌కు ముందు అక్క రోజూ మైకు ముందు కూర్చుని తెర మీది పుస్తకభాష వాక్యాలు చదివేది. కేన్సర్ సోకిన స్వరపేటిక తీసేస్తే ఇక జన్మలో మాట రాదని డాక్టరు తేల్చి చెప్పాడు. ముందే గొంతు రికార్డు చేసుకుంటే, తర్వాత టైపు చేసినదల్లా కంప్యూటరు ఆమె గొంతుతోనే పలుకుతుందని తమ్ముడు ధైర్యం చెప్పాడు. అతనిది కంప్యూటర్ల పనే. అక్క ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించి అన్నీ అమర్చాడు.

"ఏ మహానుభావుడు రాశాడ్రా ఇవి? ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా?" అని అక్క పడీపడీ నవ్వి, కూతుర్ని తిట్టే తిట్లు కూడా రికార్డు చేసింది.

ఆపరేషన్ అయింది. ఊపిరి తీసుకోవడానికి మెడ మీద రంధ్రం మిగిలింది.

ఓ ఉదయం తమ్ముడు గొంతు తయారుచేసే ప్రోగ్రాం ఎక్కించబోతే డిస్కులో చోటు చాలలేదు. డిస్కును విడగొట్టిన అరల్లో సిస్టమ్ ఉన్న పార్టిషన్ నిండిపోయింది. పక్కనే రికార్డింగులున్న హోమ్ పార్టిషన్ సగం ఖాళీ. దాన్ని కుదించి, వెనక్కి జరిపి, మిగిలిన జాగా సిస్టమ్‌కు కలిపితే సరిపోతుందనుకున్నాడు.

"కాపీ తీసిపెట్టావా?" గుమ్మంలోంచి బావ అడిగాడు.

"పెద్ద డిస్కు ఆఫీసులో ఉండిపోయింది బావా. ఇలాంటివి బోలెడు చేశాను, నువ్వేం కంగారుపడకు."

పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరు తెరిచి పని మొదలుపెట్టాడు. ఫైళ్లన్నీ కొత్త చోటికి జరుగుతున్నంతసేపూ కరెంటు పోకూడదని బావకు చెప్పాడు. లోపల పడుకున్న అక్కకు చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

తెర మీద పని ఎంతైందో చూపే గీత సగం దాటింది. లోపల అక్కకు మెడ మీది రంధ్రంలో కఫం అడ్డుపడింది. పిలవడానికి మాట లేదు. తడుముకుంటూ కఫం లాగే మిషన్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. టప్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది.

తమ్ముడు లోపలికి పరిగెత్తాడు.

"ఏం చేశావక్కా! ఒక్క మాట చెప్పొచ్చుగా!"

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. అక్క ముఖం నీలంగా ఉంది. బావ అతన్ని పక్కకు నెట్టి, ఫ్యూజు వేసి, ముందు ఆ మిషన్ నడిపించాడు. ఆమెకు ఊపిరి ఆడేదాకా ఎవరూ కంప్యూటరు వైపు చూడలేదు.

తర్వాత తమ్ముడు తనకు తెలిసినవన్నీ చేశాడు, తెలిసినవాళ్లందరి కాళ్లూ పట్టుకున్నాడు. ఫైళ్ల పేర్లు చాలా దొరికాయి. తెరిస్తే మాత్రం గరగర. బాగున్నవి గుప్పెడు. అవి గొంతు కట్టడానికి చాలవు. మళ్లీ చదివించే వీలు లేదు.

చివరికి కంప్యూటరుతో పాటు వచ్చే ఎవరో అపరిచితురాలి గొంతే పెట్టారు. మొదటిసారి అక్క టైపు చేస్తే ఆ గొంతు పలికింది.

"బంగారూ, ఇలా రావే."

కూతురు పక్కగదిలోంచి వచ్చి, వాళ్ల నాన్నను అడిగింది. "ఎవరొచ్చారు నాన్నా?"

అక్క కీబోర్డు పక్కకు జరిపింది. తమ్ముడు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అతని తల మీద చెయ్యి వేయబోయి, ఎందుకో ఆగిపోయింది.

ఆ తర్వాత అక్క కంప్యూటరు ముట్టలేదు. పిల్లను పిలవాలంటే చప్పట్లు కొడుతుంది.