పరిగెత్తని ఆదివారాలు

"ఈ పొద్దు ఎంత దూరం ఉరికినావక్కా?" అని ఆఫ్రీన్ కువైట్ నుంచి అడిగింది.

గాయత్రి అప్పుడే నిద్ర లేచి మంచం మీద కూర్చుంది. పులివెందులలో ఆదివారం, ఎండ బాగా పైకెక్కింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. ముఖాలు కనబడకుండా మాటలు మాత్రమే వినబడేలా ఫోన్ చేసుకోవడం ఇద్దరికీ కొన్ని నెలలుగా అలవాటైంది. అలా ఎందుకు అలవాటైందో ఇద్దరూ అడగలేదు.

"పన్నెండు కిలోమీటర్లు," అంది గాయత్రి. "కదిరి రోడ్డులో పొయ్యొచ్చినా. సల్లగా ఉండె."

"నేను సముద్రం పక్కన పది. ఈడ గాలి ఎక్కువుండాది, ఎదురుగాలికి సచ్చిపోయినా."

మోకాళ్ల గురించి, ఊపిరి గురించి కాసేపు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక గాయత్రి మళ్లీ దుప్పటి కప్పుకుంది. ఆమె పరిగెత్తి ఏడాది కావస్తోంది.

గాయత్రి విద్యుత్ శాఖలో ఇంజనీరు. సొంత ఊరు ప్రొద్దుటూరు. తాతల నాటి బట్టల అంగడిని అన్న మనోహర్ చూసుకుంటున్నాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఆమెకు నలభై దాటాక అడగడం మానేశారు.

ప్రొద్దుటూరులో పని చేసే రోజుల్లో షుగరు వచ్చేలా ఉందని డాక్టరు బెదిరిస్తే, పొద్దున్నే హైస్కూలు మైదానంలో నడవడం మొదలుపెట్టింది. అక్కడ ఒక సన్నటి అమ్మాయి చుట్ల మీద చుట్లు పరిగెత్తుతూ కనబడేది. ఒక ప్రైవేటు బడిలో డ్రిల్ టీచరు, పేరు ఆఫ్రీన్. వారం రోజులు చూసి, ఎనిమిదో రోజు గాయత్రి పక్కకొచ్చి, "మేడం, నడిస్తే సాలదు. నాతో పాటు ఆ గోడ దాకా ఉరకండి," అంది. గోడ దాకా వెళ్లేసరికి గాయత్రికి కళ్లు తిరిగాయి. ఆఫ్రీన్ నవ్వలేదు. "రేపు గేటు దాకా," అంది.

మేడం కాస్తా అక్క అయింది. మైదానం చాలక ఇద్దరూ జమ్మలమడుగు రోడ్డెక్కారు. చీకటి విడవకముందే ఆఫ్రీన్ గాయత్రి వీధికొచ్చి గేటు గొళ్లెం రెండుసార్లు చప్పుడు చేసేది. దారిలో పాల కేంద్రం దగ్గర ముసలాయన, "ఎవురు తరుముకొస్తాండారమ్మా?" అని అడిగితే, "ఎవురూ ల్యా మామా, మేమే తరుముతాండాం," అనేది. నాలుగేళ్లకు ఇద్దరూ బెంగళూరు వెళ్లి నలభై రెండు కిలోమీటర్ల పరుగు పూర్తి చేశారు. చివరి భాగంలో గాయత్రి కాళ్లు పట్టేశాయి. ఆఫ్రీన్ ముందుకు పోగలిగి కూడా పోలేదు. పక్కనే నడిచింది, మెల్లగా తిడుతూ.

ఆ తర్వాత ఆఫ్రీన్ భర్త ఉమైర్‌కు కువైట్‌లో కుటుంబాన్ని తెచ్చుకునే వీలు కుదిరింది. ఆమె వెళ్లిపోయిన కొద్ది రోజులకే గాయత్రికి ప్రమోషన్ ఇచ్చి పులివెందుల వేశారు.

పులివెందులలో ఫోన్ మోగని పూట లేదు. గాలి లేస్తే స్తంభాలు పడేవి. చీనీ, అంటే బత్తాయి, తోటల్లో మోటార్లు ఆగిపోయాయని రైతులు నేరుగా ఆమెకే చేసేవాళ్లు. పైవాళ్లకు నివేదికలు, కిందివాళ్లకు సర్దుబాట్లు. సాయంత్రం అద్దె ఇంటికొచ్చి తాళం తీస్తే, పొద్దున తాగి వదిలేసిన కాఫీ గ్లాసు బల్ల మీద అలాగే ఉండేది.

పరిగెత్తడానికి ఆమె ప్రయత్నించకపోలేదు. కొత్త బూట్లు కొన్నది. ఫోన్‌లో పరుగు లెక్కలు చెప్పే యాప్ వేసుకుంది. వాట్సాప్‌లో పరుగెత్తేవాళ్ల గుంపులో చేరింది. ముఖం తెలియని వాళ్లంతా పొద్దున్నే చెమట పట్టిన ఫోటోలు పెడుతుంటే చూసి, బొటనవేలి గుర్తు నొక్కి, మళ్లీ పడుకునేది. అలారం మోగినప్పుడల్లా మెలకువ వచ్చేది. తలుపు తీసి బయటికి వెళితే గేటు దగ్గర ఎవరూ ఉండరు. ఆ ఖాళీ గేటును చూడటం ఇష్టం లేక పడుకునేది.

మొదటి అబద్ధం జాలితో చెప్పింది. కువైట్ వెళ్లిన కొత్తలో ఆఫ్రీన్ ఒకరోజు ఏడుస్తూ, "నువ్వన్నా ఉరుకుతాండావా అక్కా?" అని అడిగింది. లేదని ఎలా చెబుతుంది? "ఉరుకుతాండా," అంది. ఆ తర్వాతి ఆదివారం ఎంత దూరమని అడిగింది. అక్కడి నుంచి దూరాలు పెరుగుతూ పోయాయి.

వానాకాలం చివర్లో ఒక పని మీద గాయత్రి జమ్మలమడుగు వెళ్లాల్సి వచ్చింది. పని మధ్యాహ్నానికే ముగిసింది. ఆఫ్రీన్ వాళ్ల అమ్మ ఖాజాబీ ఉండేది అక్కడే. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆమెను చూడటానికి రాలేదని గుర్తొచ్చి, అరటిపండ్లు తీసుకొని వెళ్లింది.

ఖాజాబీ ఆమెను చూసి చేతులు పట్టుకుంది. మంచం వాల్చి కూర్చోబెట్టి, టీ పెట్టింది. టీ చల్లారేలోగానే అసలు సంగతికొచ్చింది.

"నువ్వన్నా సెప్పమ్మా దానికి. ఇల్లిడిసి బయటికే పోదంట. ఉమైర్ పొద్దున పోతే మాపటేలకే వస్తాడు. వాడేం సేస్తాడు పాపం, బండి తోలే పని. ఇది నాలుగో అంతస్తులో కిటికీ కాడ కూసోనుంటాది. ఒళ్లొచ్చింది, మెట్లు దిగితే ఆయాసమంటాది."

"సముద్రం పక్కన దినామూ ఉరుకుతాండానని నాతో అన్నెదే?"

"సముద్రమా? పోయిన కొత్తలో ఒగ తూరి సూపించినాడంట. మళ్లీ యాడ సూసింది?"

గాయత్రి టీ గ్లాసు కింద పెట్టింది. ముందు కాస్త నవ్వొచ్చింది. ఇద్దరమూ ఒకటే అన్నమాట, అనుకుంది. కానీ ఖాజాబీ మాట ఇంకా పూర్తి కాలేదు.

"ఎప్పుడూ నీ గురించే సెప్తాదమ్మా. మా అక్క అంత పెద్ద ఉద్యోగం సేసుకుంటా కూడా ఉరుకుతాంది, నేను పనీ పాటా ల్యాకుండా కూసోని సెడిపోతాండా అని ఏడుస్తాది. నిన్ను తలుసుకోని తనను తాను తిట్టుకుంటాది."

తిరుగు దారిలో ముద్దనూరు దాటేదాకా జీపు డ్రైవరు నరేష్ ఏదో చెబుతూనే ఉన్నాడు. గాయత్రికి ఒక్క మాటా చెవికెక్కలేదు. జాలితో చెప్పాననుకున్న మాట అంత దూరాన ఆ పిల్లను వారం వారం కొడుతోంది. కొడుతున్న చెయ్యి తనది.

మర్నాడు చీకటి ఉండగానే బూట్లు వేసుకుని గేటు తీసింది. ఎవరూ లేరు. ఉండరని తెలిసే తీసింది.

ఊరి చివర మొదటి చీనీ తోట కూడా రాకముందే డొక్కలో పోటు మొదలైంది. ఒంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తుమ్మలపల్లె గనికి పొద్దుటి షిఫ్టు వాళ్లను తీసుకుపోయే బస్సు పక్క నుంచి వెళ్లింది. కిటికీల్లో నిద్రమొహాలు ఆమెను ఒక్క క్షణం చూసి దాటిపోయాయి. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లు ఇవేనా అనిపించింది. ఏడుపొచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఏడ్చింది, ఆ తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

వాకిట్లో నీళ్లు చల్లుతున్న ఇంటి ఓనరు నిర్మలమ్మ, "ఇంత పొద్దున్నే యాడికి పొయ్యొస్తాండావమ్మా?" అంది.

"ఉరకను పోయింటినమ్మా."

"ఎందుకు?"

గాయత్రి వంగి బూట్ల ముడి విప్పసాగింది. "ఊరికే," అంది.

రెండో రోజు తోట దాకా వెళ్లింది. మూడో రోజు పెద్ద గాలివాన. స్తంభాలు నిలబెట్టిస్తూ బురదలోనే తెల్లవారింది, పరుగు ఊసే లేదు. ఇదివరకైతే ఒక పూట తప్పితే ఆ వారమంతా పోయేది. ఈసారి నిద్ర తీరిన పొద్దున మళ్లీ గేటు తీసింది. పొద్దున కుదరని ఒక సాయంత్రం, సబ్‌స్టేషన్ దగ్గరే బూట్లు మార్చుకుని, బ్యాగు జీపులో పెట్టి, "నువ్వు పో నరేషూ, నేను ఉరుక్కుంటా వస్తా," అంది. నరేష్ పోలేదు. ఆమె వెనకే జీపును మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. దారిన పోయేవాళ్లంతా ఆగి చూస్తున్నారు.

"నా వెనకాల యాలప్పా వస్తాండావు?"

"మేడం, మీరు పడిపోతే పైవాళ్లు నన్నే అడుగుతారు మేడం."

ఆ రోజు ఆమె చాలా కాలానికి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు కూడా ఇంటి తాళం తీసేలోగా అయిపోయింది.

ఆదివారం వచ్చింది. ఆఫ్రీన్ ఫోన్ చేసి అడిగే మాటే అడిగింది. గాయత్రి గోడ వైపు చూస్తూ చెప్పేసింది.

"నిన్న మూడు కిలోమీటర్లు, సగం నడిసినా. అంతకు ముందు సెప్పినవన్నీ అబద్ధాలు ఆఫ్రీన్. నువ్వు పోయినాక నేను ఉరకనే ల్యా."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"అమ్మ సెప్పిందా నా సంగతి?"

"సెప్పింది."

"అందుకని జాలిపడి ఇప్పుడు నిజం సెప్తాండావా?"

"నీ మాటా అబద్ధమే గదా. ఇద్దరమూ..."

"నాదీ నీదీ ఒగటి గాదక్కా." అంది ఆఫ్రీన్. "ఈడ ఒంటిగా బయటికి పోవాలంటే నాకు భయం. భాష రాదు, దావ తెలీదు, ఎండకు చర్మం కాలిపోతాది. నీకు రోడ్డుండాది, తెలిసిన మనుషులుండారు. నువ్వు ఉరుకుతాండావనుకోని ఎన్ని దినాలు నన్ను నేను తిట్టుకున్నెనో నీకు తెలుసా?"

తెలుసని చెప్పేలోగా ఫోన్ ఆగిపోయింది.

తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. గాయత్రి చేస్తే ఆఫ్రీన్ ఎత్తలేదు. ఎప్పుడూ ఫోన్ వచ్చే వేళకు గాయత్రి స్నానం చేసి, తల ఆరబెట్టుకుంటూ ఫోన్ పక్కన కూర్చునేది. ఆ వేళ దాటిపోయేది. లేచి అన్నం వండుకునేది.

అయినా పరుగు మానలేదు. మానకపోవడం ఆమెకే వింతగా ఉండేది. ఎవరికీ చెప్పుకునేది లేదు, అడిగేవాళ్లు లేరు. ఒంటరితనం తగ్గిందా అంటే అదీ లేదు. గదిలో ఉన్నప్పుడు అది గోడలాగా నాలుగు వైపులా నిలబడేది. రోడ్డు మీద అది కూడా పక్కన కదులుతూ వచ్చేది. కదిలేదాన్ని భరించడం కాస్త సులువు. ఆ తేడా కోసమే రేపు మళ్లీ లేస్తానని ఆమెకు ఒక పొద్దున అర్థమైంది. ఆ పూట యాప్ తీసేసింది, ఆ వాట్సాప్ గుంపులోంచి కూడా బయటికొచ్చింది.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ దింపుతుంటే గాయత్రి పక్కన నిలబడి ఉంది. వాట్సాప్‌లో ఆఫ్రీన్ గొంతు రికార్డు చేసి పంపిన మెసేజీ వచ్చిపడింది. దూరంగా వేపచెట్టు కిందికి వెళ్లి చెవికి ఆనించుకుంది.

"అక్కా. మెట్లు దిగి కిందికి పోయినా. ఒగదాన్నే. మా బిల్డింగు సుట్టూ తిరిగి మళ్లీ ఎక్కినా. కాళ్లు వణుకుతాండాయి. నీ మీద కోపం పోలేదు. ఊరికే సెప్పాలనిపించింది."

గాయత్రి ఏవేవో రాసి చెరిపేసింది. చివరికి, "మంచి పని చేసినావు," అని మాత్రం పంపింది. మళ్లీ జవాబు రాలేదు.

ఆ వారం రెండు రోజులు సెలవు పెట్టింది. శనివారం సాయంత్రం బస్సులో జమ్మలమడుగు వెళ్లి ఖాజాబీ ఇంట్లో పడుకుంది. పొద్దున పరిగెత్తి ప్రొద్దుటూరు పోతానంటే ఖాజాబీ నోరు తెరిచింది. "బస్సులుండాయి గదమ్మా!" అంది. అయినా చీకట్లోనే లేచి టీ పెట్టి, కూతురు పంపిన ఖర్జూరాలు గుప్పెడు చేతిలో పోసి, వీధి మలుపు దాకా వచ్చి నిలబడింది.

ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, అందులో మోకాటి ఎత్తు కూడా లేని శనగ చేలు. మంచుకు తడిసిన శనగాకు పులుపు వాసన. చాలా దూరం ఆమె అడుగుల చప్పుడు తప్ప మరేమీ లేదు. సగం దారి దాటాక ఫోన్ మోగింది. ఆమె బదులు పని చూస్తున్న ఇంజనీరు, ఏ లైను ఆపాలో తెలియక చేశాడు. నడుస్తూనే చెప్పింది. మళ్లీ పరుగందుకునేసరికి కాళ్లు బిగుసుకుపోయాయి. ఇలాంటప్పుడే ఆఫ్రీన్ తిట్టేది. ఆ తిట్లు తనే తిట్టుకోబోయి, సిగ్గేసి ఊరుకుంది. తర్వాతి మైలురాయి దాకా నడిచింది. తర్వాత, ఎందుకో ఆలోచించకుండా, మళ్లీ పరిగెత్తింది.

ప్రొద్దుటూరు చేరేసరికి అంగళ్లు తెరుస్తున్నారు. ముగింపు గీత గీసి ఎవరూ నిలబడలేదు. చప్పట్లు లేవు. ఒక చిన్న హోటలు ముందు ఆగి, స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకుంది. పెనం దగ్గరున్నామె ఆమె చెమటను, ముఖాన్ని చూసి భయపడింది.

"ఏమైందమ్మా? ఎవురికన్నా బాగల్యాదా?"

"అందరూ బాగుండారు. జమ్మలమడుగు నుంచి ఉరికొచ్చినా."

ఆమె నమ్మినట్టు లేదు. ఏమీ అడగకుండా చెంబుతో నీళ్లిచ్చింది.

గాయత్రి బల్ల మీద కూర్చుని ఫోన్ తీసింది. ఈ సంగతి చెప్పుకోదగ్గ మనిషి లోకంలో ఒక్కతే ఉంది. కువైట్‌లో ఇంకా తెల్లవారి ఉండదు. నిద్రపోనీలే అనుకుని ఫోన్ జేబులో పెట్టేసింది. కాళ్లు బల్ల కింద సన్నగా వణుకుతున్నాయి. వేడి వేడి దోశ వచ్చింది. అది తిని, ఇంకొకటి వేయమంది.