అత్తయ్య ఊ కొట్టని చోటు

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పేయకండి. కాస్త కుదురుగా కూర్చుని వినండి. చివర్లో మిమ్మల్ని ఒక మాట అడగాలి మరి.

మధ్యాహ్నం గిన్నెలన్నీ కడిగి బోర్లించి, పొయ్యి గట్టు తుడిచి, రాతలమ్మ తన కథ కాగితాలు పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది. రాతలమ్మ అంటే అసలు పేరు కాదు లెండి. కోడలిగా వచ్చిన కొత్తల్లో, పాలు పొంగి కారిపోతుంటే ఆమె కిటికీలోంచి ఎవరినో చూస్తూ, వాళ్ళ మాటల్ని పెదాలతో తనే అనుకుంటూ నిలబడిపోయింది. "పాలన్నీ గట్టు తాగేసింది, మా రాతలమ్మ మాత్రం ఇంకా ఈ లోకంలోకి రాలేదు" అన్నారు అత్తగారు. ఆ పేరు అంటుకుపోయింది.

ఆ రోజుల్లో ఆమెకు బల్ల లేదు, కుర్చీ లేదు, తలుపు గడియ పెట్టుకునే హక్కు అసలే లేదు. ఉన్నవల్లా అత్తగారి మోకాళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాటికి నూనె రాసి మర్దనా చేయాలి. మొదట్లో ఎంత ఏడుపొచ్చేదో! పొద్దున్నుంచీ ఇల్లు ఊడుస్తూ ఒక మనిషిని పుట్టించుకుంటుంది, బట్టలు ఉతుకుతూ ఆ మనిషికి ఒక కష్టం తెస్తుంది, ఆరేస్తూ ఆ మనిషి చేత మాట్లాడిస్తుంది. తీరా కాగితం మీద పెడదామనుకునే వేళకి "ఏమే, నా కాళ్ళ సంగతి మర్చిపోయావా?" అని పిలుపు! ఒకరోజు కునుకు ఆపుకోలేక, నిద్రమత్తు వదుల్తుందని, తలలో ఉన్న కథ పైకి చెప్పడం మొదలెట్టింది. కళ్ళు మూసుకునే అత్తగారు "ఊ" అన్నారు. ఇంకో నాలుగు మాటలు చెప్పింది. "ఊ". అంతే, ఆ రోజు నుంచి ఆ మోకాళ్ళే ఆమె రాతబల్ల అయిపోయాయి!

ఆ 'ఊ'ల్లో ఎన్ని రకాలో. సాగదీస్తే "నమ్మకం కుదరట్లేదే" అని. టక్కున అంటే "తర్వాతేమైందో చెప్పు" అని. ఒక్కోసారి ఊ ఆగిపోయేది. నిద్రపోయారనుకుని ఆమె లేవబోతే, "పడుకోలేదే. నీ కథలో ఆ కుట్టుమిషను ఆవిడ అంతసేపు ఏడవదు. పనిచేసుకునే దానికి అంత తీరికగా ఏడుపెలా కుదురుతుంది?" అన్నారు. ఆ ఏడుపంతా కొట్టేసింది. అచ్చయిన మొదటి కథ అదే. అప్పట్నుంచి ఊ ఆగిన చోటల్లా కొట్టివేతే. ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

తర్వాత కథలకి పేరొచ్చింది, బహుమతి వచ్చింది. వాళ్ళాయన మేడ మీద గది కట్టించారు. పెద్ద బల్ల, గిర్రున తిరిగే కుర్చీ. వచ్చిన చుట్టాలందరికీ గది చూపించి, "మా ఆవిడ ఏం రాసినా మొదట చదివేది నేనే!" అంటారు. అత్తగారి మోకాళ్ళకు నర్సు వస్తోంది. ఎంత బావుంది కదా! మరి ఆ గదిలో కూర్చుంటే ఒక్క మాట రాదేం? ఫ్యాను చప్పుడు వింటూ, పాత కాగితాల మీద మిగిలిన నూనె వేలిముద్రల్ని వాసన చూసుకుంటుంది, చిన్నప్పటి బట్టల్ని చూసుకున్నట్టు. అమ్మయ్య, నేల మీద చాపేసుకుని కూర్చుంటే ఇన్నాళ్ళకి ఒక కథ వచ్చింది. ఆ మధ్యాహ్నాల కథే. పత్రిక ఎడిటరమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. "సాయంత్రానికల్లా పంపేయండీ, మీకోసం చోటు ఆపి పెట్టాను."

"నర్సమ్మా, ఇవాళ నేను చూసుకుంటాలే" అని నూనె గిన్నె అందుకుంది.

"ఏమే రాతలమ్మా, మేడ మీద నుంచి దారి తప్పి వచ్చావా?"

"ఊ కొట్టేవాళ్ళు లేక వచ్చానత్తయ్యా."

"ఆ కుర్చీ కొట్టదా? అంత డబ్బు పోశాడు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒక చేత్తో మోకాలు, ఒక చేత్తో కాగితం. పాలు పొంగిన చోట "ఊ", కుట్టుమిషను ఆవిడ దగ్గర "ఊఊ, నేనే చెప్పాను కదే అది." చదువుతూ చదువుతూ ఆమె ఆ చోటికి వచ్చింది.

ఆయన ఆఫీసు స్నేహితులు వచ్చిన రోజు. మడత బట్టల మధ్య ఆమె దాచుకున్న కథని ఆయన బయటికి లాగి, ఆడగొంతు పెట్టి, చేతులు తిప్పుతూ చదివారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ట్రేతో ఆమె గది మధ్యలో నిలబడిపోయింది. "ఏమోయ్ రచయిత్రీ, టీలో పంచదార నిజంగా వేశావా, అదీ కల్పనేనా?" మళ్ళీ నవ్వులు. తలెత్తితే వంటింటి గుమ్మంలో అత్తగారు. కళ్ళూ కళ్ళూ కలిశాయి. ఇప్పుడు ఒక్క మాట, కొడుకుని ఒక్క మాట అంటారేమోనని ఆమె చూసింది.

'అత్తగారు చూశారు. చూసి, లోపలికి వెళ్ళిపోయారు.'

ఆ వాక్యం చదివి ఆగింది. ఊ రాలేదు.

మళ్ళీ చదివింది. రాలేదు. మోకాలి మీద చెయ్యి ఆగిపోయింది. అలవాటు కొద్దీ పెన్ను మూత తీసింది.

"ఇక్కడ కథ జారిందా అత్తయ్యా? కొట్టేయనా?"

అత్తగారు కళ్ళు తెరవలేదు. "ఆ రోజు కూడా నేనేమీ అనలేదు కదే" అన్నారు. గోడ వైపు తిరిగి, "నూనె కాగితం మీద కారుతోంది, చూసుకో" అన్నారు.

మెట్ల మీద నుంచి ఆయన గొంతు. "ఏమోయ్, పంపేముందు ఓసారి ఇటివ్వు! మొదటి పాఠకుణ్ణి కదా!"

నూనె చుక్క ఆ వాక్యం అంచుదాకా పాకింది. అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఊ రాని చోటుని ఆమె ఇంతవరకూ ఎప్పుడూ ఉంచలేదు. మెట్ల మీద అడుగులు దగ్గరవుతున్నాయి, పెన్ను చేతిలోనే ఉంది. చెప్పండి, మీరైతే ఆ వాక్యం కొట్టేస్తారా, ఉంచుతారా?