గోరువెచ్చని నీళ్ళు

రేకుడబ్బాతో ఎత్తిపోసిన కొద్దీ నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. సౌభాగ్యమ్మ నడుం పట్టుకుని లేచి, మళ్ళీ వంగి, పొయ్యి పక్క పల్లంలోంచి ఇంకో డబ్బా ముంచింది. నాలుగు రోజులుగా తెల్లవారితే ఇదే పని. మట్టిగోడ అడుగున మూరెడు మేర నాని నల్లబడింది.

యాభై దాటిన మనిషి. తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు పలచబడింది. సున్నం తిన్న వేలికొసల మీద గీతలు కూడా మిగల్లేదు. భర్త పోయిన పదిహేనేళ్ళుగా గుడివాడలో లేచిన మేడలు చాలావాటికి ఇసుకా ఇటుకా మోసింది. ఏ ఒక్క దాని గృహప్రవేశానికీ గడప దాటి లోపలికి వెళ్ళలేదు.

ఆమె గుడిసె రైసుమిల్లు యజమాని శోభనాద్రిగారి ప్రహరీని ఆనుకుని ఉంటుంది. గోడకవతల, మద్రాసులో ఎక్కడో చూసొచ్చి, ఆయన పందొమ్మిది వందల అరవైలో ఈతకొలను కట్టించారు. కీళ్ళనొప్పులకు మంచిదని దాని కొసన నడుంలోతు గుండ్రటి తొట్టి ఒకటి కట్టించారు. మిల్లు బాయిలరు నుంచి గొట్టంలో వేడినీళ్ళు అందులోకి వస్తాయి; అది నిండి పొర్లినవి కొలనులోకి పోతాయి.

ఇప్పుడు రెండింట్లోనూ నీళ్ళు తగ్గిపోతున్నాయి. కట్టిన పెద్దిరాజు మేస్త్రే వచ్చి చూశాడు. గోడవతలి గుడిసెల పేటవాళ్ళు గోడకింద కన్నం పెట్టి కొలనునీళ్ళు లాక్కుంటున్నారని తేల్చాడు. గోడ వెంట ఉన్న ఏడు గుడిసెలూ తీయించేస్తారని నిన్ననే గుమాస్తా వచ్చి చెప్పి వెళ్ళాడు.

మిల్లు కూత వేసింది; ఆ కూతతోనే తొట్టికి వేడినీళ్ళు వదులుతారు. రోజూ అంతకుముందే పనికి వెళ్ళిపోయేది. ఇవాళ వెళ్ళబుద్ధి కాలేదు. ఇంకో నాలుగు డబ్బాలు తోడేసరికి ఆమె చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

"ఎలీసబెతూ! ఇలా వచ్చి చెయ్యి పెట్టవే."

పక్కింటి ఎలీసబెతు వచ్చి వేళ్ళు ముంచింది. "వెచ్చగున్నాయేంటక్కా?"

"కొలనునీళ్ళు వెచ్చగుండవు గదా. ఇవి తొట్టివి. మీ ఇంట్లో బట్టలకేసే నీలిమందుంటే ఇంత పొట్లం కట్టి ఇయ్యి."

పొట్లం కొంగున ముడేసుకుని నేరుగా ముందు గేటుకే వెళ్ళింది. కాపలా యలమంద అడ్డొచ్చాడు.

"పనోళ్ళు వెనకనించి గదా, సౌభాగ్యం."

"పనికి రాలా. మాట్టాడ్డానికొచ్చా. తప్పుకో, యలమందన్నా."

శోభనాద్రిగారు తొట్టి పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొట్టే కారుతోందని సౌభాగ్యమ్మ చెప్పింది ఆయన విన్నారు గాని, కళ్ళు మేస్త్రి వైపే ఉన్నాయి.

"దానికేం తెలుసండీ, తట్ట మోసే మనిషి," అన్నాడు పెద్దిరాజు.

"తెలుసో తెలీదో దిగి చూపిస్తానయ్యగారూ."

వరండాలోంచి యజమాని భార్య లక్ష్మీకాంతమ్మ గొంతు పెంచింది. "అది దిగాక ఆ తొట్లో మీరెలా దిగుతారండీ?"

సౌభాగ్యమ్మ ఆవిడ వైపు తిరిగింది. "కట్టేటప్పుడు మూడు నెలలు ఇందులోనే నిలబడ్డానమ్మగారూ. అప్పుడూ ఈ కాళ్ళే."

ఎవరూ మాట్లాడేలోపే చీరతో దిగేసింది. మోకాళ్ళ పైదాకా వచ్చాయి నీళ్ళు. అవి కదలడం మానేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, నీలిమందు కాస్త విడిచింది. అది మబ్బులా విచ్చుకుంది. తరవాత దారంలా సన్నబడి, మెట్టు కిందికి, గొట్టం దూరిన చోటికి మెల్లగా వెళ్ళిపోయింది. ఆమె వంగి వేలు పెట్టింది. రెండో కణుపు దాకా దిగింది. లోపల తగిలినదాన్ని పట్టుకుని లాగితే సిమెంటు పెచ్చుతో పాటు కుళ్ళిన గోనెపీలిక ఒకటి ఊడి వచ్చింది.

దాన్ని ఎత్తి పట్టుకుంది. నీలంనీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి.

"కన్నం మేం పెట్టలేదండీ. సిమెంటుకు బదులు ఇది కూరి పైన పూత పూశారు. ఆ రోజు మీ చుట్టాలొస్తున్నారని తొందర."

శోభనాద్రిగారు ముందుకు వంగి ఆ పీలికను చూశారు. "ఇళ్ళ జోలికి ఎవరూ రార్లే. వెళ్ళు," అన్నారు.

"గుమాస్తాగారిని పిలిచి ఆ మాట చెప్పండి. ఆయన మా అందరితో చెప్పి వెళ్ళాడు."

గుమాస్తాను పిలిచి చెప్పక తప్పలేదు.

తొట్టి తోడించేసరికి మధ్యాహ్నమైంది. ఆమె వెళ్ళలేదు. పెద్దిరాజు సిమెంటు కలిపి దిగబోతుంటే చెయ్యి చాచింది.

"తాపీ ఇటియ్యండి. ఈసారి మళ్ళీ కారితే మునిగేది మా ఇల్లు."

ఆడమనిషి చేతికి తాపీ ఇవ్వడం గుడివాడలో అతను చూడలేదు. యజమాని వైపు చూశాడు. ఆయన వద్దనలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టం చుట్టూ సందు లేకుండా కూరి, మూడుసార్లు నునుపు చేసింది. లేచేటప్పుడు గుండెల్లో ఏదో పట్టేసినట్టయి గట్టు పట్టుకుంది. ఎవరి సాయమూ అడక్కుండా తనే పైకొచ్చింది.

ఇంటికొచ్చి చీర మార్చుకుంది. నేల ఇంకా తడిగానే ఉంది గాని, ఊట ఆగింది. "ఊరట్లేదే," అని ఎలీసబెతుకు కేక వేసి చెప్పింది. గుమ్మంలో గోడకానుకుని కాళ్ళు చాపుకుంది.

పొద్దుగూకే వేళకు ఎలీసబెతు నిప్పు కోసం వచ్చి పిలిచింది. పలక్కపోతే భుజం తట్టింది. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

మర్నాడు పేటంతా వెంట నడిచి సమాధి చేసి వచ్చారు. శోభనాద్రిగారి ప్రహరీ మీద గుడ్డలారేస్తే కాపలావాళ్ళు కర్రతో తోసేస్తారు. సౌభాగ్యమ్మ విడిచి ఆరేసిన చీర ఇంకా ఆ గోడ మీదే ఉంది, మోకాళ్ళ దాకా నీలం పట్టి, గాలికి అటు కొంచెం, ఇటు కొంచెం ఆడుతూ.